సింగిల్ ఫేజ్ కరెంటు మీద త్రీ ఫేజ్ లేత్: వీఎఫ్‌డీ ఎంపిక నుంచి మొదటి కోత దాకా

బటాలా నుంచో రాజ్‌కోట్ నుంచో వచ్చిన పాత బెల్టు లేత్ ఒకటి దొరికింది. బెడ్డు బాగుంది, స్పిండిల్ బాగుంది, మోటారు మాత్రం త్రీ ఫేజ్. షెడ్డులో ఉన్నదేమో సింగిల్ ఫేజ్ మీటరు. ఇలాంటప్పుడు చాలామంది మోటారు తీసేసి సింగిల్ ఫేజ్ మోటారు వేస్తారు, లేదంటే కెపాసిటర్లు తగిలించి ఎలాగో తిప్పుతారు. రెండింటి కంటే మంచి దారి వీఎఫ్‌డీ, అంటే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్. మన షాపుల్లో అందరూ డ్రైవ్ అనే అంటారు కాబట్టి ఇక్కడా అదే మాట వాడతాను.

డ్రైవ్ లోపల జరిగేది ఇది. వచ్చిన ఏసీ కరెంటును ముందు డీసీగా మార్చి పెద్ద కెపాసిటర్లలో నింపుతుంది. ఆ డీసీని చాలా వేగంగా ముక్కలు చేస్తూ, మనకు కావలసిన ఫ్రీక్వెన్సీలో మూడు ఫేజులుగా బయటికి పంపుతుంది. సింగిల్ ఫేజ్ ఇస్తే త్రీ ఫేజ్ వస్తుంది, పైగా వేగం మన చేతిలో ఉంటుంది. మోటారు మెల్లగా మొదలవుతుంది, బెల్టు కీచుమనదు, రివర్స్ తిప్పడానికి పవర్ వైర్లు మార్చక్కర్లేదు.

అయితే ఒక విషయం ముందే మనసులో పెట్టుకోవాలి. డ్రైవ్ వేగాన్ని మారుస్తుంది, మోటారుకు లేని బలాన్ని తెచ్చిపెట్టదు. ఈ సంగతి తెలియక బెల్టు ఒకే మెట్టులో వదిలేసి, బ్యాక్ గేర్ (స్పిండిల్ వేగాన్ని బాగా తగ్గించే గేర్ల జత) ముట్టుకోకుండా అంతా స్పీడ్ నాబ్‌తోనే కానిచ్చేద్దాం అనుకునేవాళ్ళే తర్వాత డ్రైవ్ పనికిరాదని తిట్టుకుంటారు. లెక్క చివర్లో చూపిస్తాను.

ఇక్కడ ఉదాహరణగా 2 హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం, 415 వోల్టుల మోటారును తీసుకుంటున్నాను. చిన్న, మధ్య రకం బెల్టు లేతుల మీద ఎక్కువగా కనిపించేది ఇదే.

ముందు నేమ్‌ప్లేట్ చదవండి

డ్రైవ్ కొనడానికి వెళ్ళేముందు మోటారు మీది రేకును కిరోసిన్ గుడ్డతో తుడిచి ఫోటో తీసుకోండి. కావలసినవి వోల్టేజి, ఆంపియర్లు, ఆర్‌పీఎం, కిలోవాట్లు. వీటన్నిటికంటే ముఖ్యం కనెక్షన్, అంటే లోపలి మూడు వైండింగులను కలిపింది స్టార్ పద్ధతిలోనా డెల్టా పద్ధతిలోనా అన్నది.

230 వోల్టుల సింగిల్ ఫేజ్ డ్రైవ్ బయటికి ఇచ్చేది కూడా 230 వోల్టుల త్రీ ఫేజే. 415 వోల్టులు ఇవ్వలేదు. మోటారు 415 వోల్టుల దగ్గర స్టార్‌లో ఉంటే మన అదృష్టం. స్టార్‌లో ఒక్కో వైండింగ్ మీద పడేది 415ని 1.732తో భాగిస్తే వచ్చేంత, అంటే దాదాపు 240 వోల్టులు. అదే మోటారును డెల్టాకు మారిస్తే 230 వోల్టుల మీద దాదాపు పూర్తి బలంతో తిరుగుతుంది. చిన్న మోటార్లు, ముఖ్యంగా 2 హెచ్‌పీ వరకు ఉన్నవి, ఎక్కువగా స్టార్‌లోనే వస్తాయి. పెద్దవి 415 వోల్టుల దగ్గరే డెల్టాలో ఉంటాయి. అలాంటి మోటారును 230 వోల్టుల డ్రైవ్‌కు కలిపితే తిరుగుతుంది కానీ 28 హెర్ట్జ్ దాటాక వోల్టేజి చాలక బలం తగ్గిపోతుంది. 5 హెచ్‌పీ ఆల్ గేర్ లేత్ ఉన్నవాళ్ళు త్రీ ఫేజ్ సర్వీసు తీసుకుని 415 వోల్టుల డ్రైవ్ పెట్టుకోవడమే మేలు.

ఇప్పుడు మెయిన్ ఆపి టెర్మినల్ బాక్సు మూత తీయండి. ఆరు బోల్టులు రెండు వరసల్లో ఉంటే పని సులువు. ఒక వరసలోని మూడింటినీ ఇత్తడి లింకులు అడ్డంగా కలుపుతున్నాయంటే అది స్టార్. ఆ లింకులు తీసి, పైబోల్టును కింది బోల్టుతో నిలువుగా మూడు జతలుగా కలిపితే డెల్టా. మూత వెనక బొమ్మ ఉంటే దాన్నే అనుసరించండి. పాత మోటార్లలో కొనల పేర్లు ఏ1, బి1, సి1 అనీ కొత్తవాటిలో యు1, వి1, డబ్ల్యు1 అనీ ఉంటాయి. డెల్టాలో యు1 కొన డబ్ల్యు2తో, వి1 కొన యు2తో, డబ్ల్యు1 కొన వి2తో కలవాలి.

మూడు వైర్లే బయటికి వచ్చి ఉంటే స్టార్ ముడి వైండింగ్ లోపలే కట్టేశారన్నమాట. మోటారును వైండింగ్ షాపుకు తీసుకెళ్ళి, "స్టార్ ముడి విప్పి ఆరు కొనలు బయటికి తీయండి" అని చెప్పండి. రివైండింగ్ అక్కర్లేదు. చేయి తిరిగిన మెకానిక్‌కు ఇది చిన్న పని. ఎలాగూ మోటారు విప్పారు కాబట్టి బేరింగులు కూడా మార్పించండి. మోటారుకు ఎవరైనా కెపాసిటర్లు తగిలించి ఉంటే అవి పూర్తిగా తీసేయాలి, డ్రైవ్ అవుట్‌పుట్ మీద కెపాసిటర్ ఉంటే డ్రైవ్ కాలిపోతుంది.

చివరగా 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైండింగుకూ మోటారు బాడీకీ మధ్య ఇన్సులేషన్ చూడండి. కనీసం ఒక మెగోమ్ కంటే పైన ఉండాలి, బాగున్న మోటారు పదుల మెగోముల్లో చూపిస్తుంది. ఈ పరీక్ష డ్రైవ్ కలపకముందే చేయాలి. కలిపి ఉన్నప్పుడు మెగ్గర్ తిప్పితే డ్రైవ్ లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి.

ఏ డ్రైవ్ కొనాలి

హెచ్‌పీ చూసి కాదు, ఆంపియర్లు చూసి కొనాలి. మన మోటారు 415 స్టార్‌లో సుమారు 3.5 ఆంపియర్లు తీసుకుంటుంది. డెల్టాలో అది 1.732 రెట్లు, అంటే 6 ఆంపియర్లు. 1.5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ డ్రైవ్ సాధారణంగా 7 ఆంపియర్ల పైన ఇస్తుంది, కాబట్టి సరిపోతుంది. కానీ బరువైన చక్ (జాబ్‌ను పట్టుకునే భాగం) ఉన్నా, షెడ్డు పైన రేకులే ఉన్నా ఒక సైజు పెద్దది, అంటే 2.2 కిలోవాట్లది తీసుకోమంటాను. చాలా డ్రైవ్‌ల రేటింగ్ 40 డిగ్రీల వేడి వరకే. మే నెలలో రేకుల షెడ్డులో మూసిన బాక్సు లోపల ఎంత వేడి ఉంటుందో మీకు తెలిసిందే.

డ్రైవ్ మీద "ఇన్‌పుట్ 1 ఫేజ్" అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. త్రీ ఫేజ్ ఇన్‌పుట్ డ్రైవ్‌కు సింగిల్ ఫేజ్ ఇస్తే ఫేజ్ లాస్ అని ట్రిప్ అవుతుంది, అవకపోయినా లోపలి డయోడ్లు, కెపాసిటర్ల మీద భారం పెరుగుతుంది. అలా వాడాలంటే దాదాపు రెట్టింపు సైజు కొనాలి. సెన్సర్‌లెస్ వెక్టర్ కంట్రోల్ (తక్కువ వేగంలోనూ మోటారు బలం నిలిపే పద్ధతి), బ్రేక్ రెసిస్టర్ (ఆపేటప్పుడు వచ్చే శక్తిని వేడిగా మార్చేది) టెర్మినళ్ళు ఉన్న మోడల్ లేత్‌కు బాగా పనికొస్తుంది. డెల్టా, ఏబీబీ, సీమెన్స్, ష్నైడర్, యాస్కావా వంటి ఏ కంపెనీదైనా ఫరవాలేదు, మాన్యువల్ దొరకాలి, సర్వీస్ దగ్గర్లో ఉండాలి. మాన్యువల్ లేకుండా చవగ్గా వచ్చే పేరులేని పెట్టె వద్దు.

కరెంటు వైపు పని

సింగిల్ ఫేజ్ మీద 1.5 కిలోవాట్ల డ్రైవ్ పూర్తి లోడులో లాగే ఇన్‌పుట్ కరెంటు 15 ఆంపియర్ల చుట్టూ ఉంటుంది, మోటారు కరెంటుకు రెట్టింపు కంటే ఎక్కువే. అందుకని మామూలు ప్లగ్ సాకెట్టు నుంచి తీసుకోకండి. మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగి, 25 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ పెట్టండి. డ్రైవ్ మాన్యువల్లో వేరే సైజు రాసి ఉంటే అదే పాటించండి. మీటరు మీద శాంక్షన్ అయిన లోడు సరిపోతుందో లేదో, అది వ్యాపార పని అయితే ఇంటి కేటగిరీ సర్వీసు మీద నడపకూడదన్న సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఈ వైరింగ్ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

ఎర్తింగ్ విషయంలో రాజీ వద్దు. లేత్ బాడీ, మోటారు, డ్రైవ్, బాక్సు అన్నీ ఒకే ఎర్త్ బార్‌కు రావాలి, ఆ బార్ నుంచి మంచి ఎర్త్ పిట్‌కు పోవాలి. డ్రైవ్ పని తీరు వల్ల ఎర్త్‌లోకి కొద్దిపాటి లీకేజీ ఎప్పుడూ ఉంటుంది. ఎర్త్ తెగితే ఆ లీకేజీ లేత్ పట్టుకున్న మనిషిలోంచి పోతుంది. ఇంటి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేది) దీనివల్ల ఊరికే ట్రిప్ అవుతుంటే దాన్ని బైపాస్ చేయకండి. డ్రైవ్‌కు విడి సర్క్యూట్ ఇచ్చి మాన్యువల్ చెప్పిన రకం ఆర్‌సీసీబీ వేయండి.

బాక్సు ఎక్కడ, ఎలా

లేత్ షాపులో డ్రైవ్‌కు పెద్ద శత్రువు కాస్ట్ ఐరన్ రజను. అది కరెంటును పారనిచ్చే సన్నటి పొడి. డ్రైవ్ ఫ్యాను దాన్ని లోపలికి లాగి సర్క్యూట్ బోర్డు మీద పరుస్తుంది. అందుకని ఇనుప ప్యానెల్ బాక్సులో, చక్‌కు ఎదురుగా కాకుండా, హెడ్‌స్టాక్ వెనక గోడ మీద పెట్టండి. డ్రైవ్ నిలువుగా ఉండాలి, పైనా కిందా కనీసం 100 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. బాక్సుకు కింద ఫిల్టర్ పెట్టిన గాలి దారి, పైన ఫ్యాను. కేబుళ్ళు వచ్చే ప్రతి రంధ్రానికీ గ్లాండ్ బిగించండి, వాడని రంధ్రాలు మూసేయండి. బల్లి ఒకటి టెర్మినళ్ళ మధ్య పడితే చాలు, డ్రైవ్ పోవడానికి.

డ్రైవ్ నుంచి మోటారుకు షీల్డ్ ఉన్న నాలుగు కోర్ల కేబుల్ వేసి, షీల్డును రెండు చివరలా ఎర్త్ చేయండి. కంట్రోల్ వైర్లను దీనితో కలిపి ఒకే పైపులో వేయకండి. స్పీడ్ నాబ్ వైరు షీల్డును మాత్రం డ్రైవ్ వైపు ఒక్కచోటే ఎర్త్ చేయాలి.

వైరింగ్

ఫేజ్, న్యూట్రల్ ఇన్‌పుట్ టెర్మినళ్ళకు. మోటారు వైర్లు యు, వి, డబ్ల్యు టెర్మినళ్ళకు. ఇవి తారుమారైతే, అంటే మెయిన్ కరెంటు యు, వి, డబ్ల్యులకు వెళ్తే, డ్రైవ్ మొదటి సెకనులోనే పోతుంది. కలిపాక ఒకసారి, మూత వేసేముందు మరోసారి చూడండి. లగ్గులు క్రింప్ చేసి బిగించాలి, వట్టి తీగలు మెలేసి దూర్చకూడదు.

లేత్ మీద ఇప్పటికే ఫార్వర్డ్, రివర్స్ డ్రమ్ స్విచ్ ఉంటుంది. దాన్ని మోటారు దారిలోంచి తీసేయాలి. డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య ఏ స్విచ్చూ, కాంటాక్టరూ ఉండకూడదు, నడుస్తుండగా తెరుచుకుంటే డ్రైవ్ దెబ్బతింటుంది. అదే డ్రమ్ స్విచ్‌ను కంట్రోల్ వైపు వాడుకోవచ్చు, కామన్ టెర్మినల్ నుంచి ఒక వైరు స్విచ్‌లోకి, అక్కడి నుంచి ఫార్వర్డ్, రివర్స్ టెర్మినళ్ళకు చెరొకటి. చేతికి అలవాటైన పిడి అలాగే ఉంటుంది.

ఇక్కడ మన ఊళ్ళ పవర్ కట్ గుర్తు పెట్టుకోవాలి. డ్రమ్ స్విచ్ ఫార్వర్డ్‌లో ఉండగా కరెంటు పోయింది, టర్నర్ చక్‌లో చేయి పెట్టి జాబ్ విప్పుతున్నాడు, కరెంటు వచ్చింది. ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దీనికి రెండు జాగ్రత్తలు. ఒకటి, పవర్ వచ్చినప్పుడు రన్ సిగ్నల్ ఉన్నా మొదలు కాకుండా ఆపే పారామీటరు దాదాపు ప్రతి డ్రైవ్‌లో ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. ఆటో రీస్టార్ట్‌ను ఆఫ్ చేయండి. రెండు, వీలైతే డ్రమ్ స్విచ్ బదులు స్టార్ట్, స్టాప్ బటన్ల త్రీ వైర్ పద్ధతి వాడండి. బటన్ మళ్ళీ నొక్కితే తప్ప స్పిండిల్ కదలదు. నన్నడిగితే కొత్తగా పెట్టేవాళ్ళకు ఇదే సరైనది. ఏది పెట్టినా ఎంసీబీ ఆపి, వేసి పరీక్షించి చూశాకే నమ్మండి.

స్పీడ్ నాబ్ కోసం 5 లేదా 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్ చాలు. రెండు చివరలు 10 వోల్టుల టెర్మినల్‌కూ గ్రౌండ్‌కూ, నడిమి కాలు అనలాగ్ ఇన్‌పుట్‌కూ.

ఎర్ర పుట్టగొడుగు తల ఎమర్జెన్సీ బటన్ చేతికి అందేచోట, చక్ మీదుగా చేయి చాచక్కర్లేకుండా పెట్టాలి. దాన్ని నొక్కితే డ్రైవ్‌కు వచ్చే మెయిన్ కరెంటును ఒక కాంటాక్టర్ తెంచేలా కట్టడం మామూలు పద్ధతి. కానీ కరెంటు తెగితే డ్రైవ్ బ్రేక్ వేయలేదు, బరువైన చక్ తన ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది. అందుకని రెండు కాంటాక్టులున్న బటన్ తీసుకుని, ఒకదాన్ని డ్రైవ్ ఎమర్జెన్సీ స్టాప్ ఇన్‌పుట్‌కు, రెండోదాన్ని ఆఫ్ డిలే టైమర్ ద్వారా కాంటాక్టర్‌కు ఇస్తే, ముందు బ్రేక్ పడి ఆ తర్వాత కరెంటు తెగుతుంది. రోజువారీ స్టార్ట్, స్టాప్‌కు మాత్రం ఈ కాంటాక్టర్‌ను వాడకండి, అస్తమానం ఆన్, ఆఫ్ చేస్తే డ్రైవ్ ఛార్జింగ్ సర్క్యూట్ త్వరగా పోతుంది.

కూలెంట్ పంపు, లైటు డ్రైవ్ అవుట్‌పుట్ మీద కలపకూడదు. వాటికి విడి సింగిల్ ఫేజ్ లైను ఇవ్వండి.

పారామీటర్లు

నంబర్లు కంపెనీని బట్టి మారతాయి, పేర్లు దాదాపు ఒకటే. ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి 50 హెర్ట్జ్ సెట్టింగ్ ఎంచుకోండి. తర్వాత మోటారు వోల్టేజి 230, బేస్ ఫ్రీక్వెన్సీ 50, కరెంటు 6 ఆంపియర్లు, వేగం 1440. కరెంటు సరిగ్గా ఇవ్వడం ముఖ్యం, డ్రైవ్ ఓవర్‌లోడ్ రక్షణ ఆ అంకె మీదే ఆధారపడుతుంది. గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 60 నుంచి 70 చాలు. పాత లేత్‌లో గన్‌మెటల్ బుష్ బేరింగులుంటే, లేదా చక్ మీద గరిష్ఠ ఆర్‌పీఎం చెక్కి ఉంటే, బెల్టు వేగమైన మెట్టులో ఉన్నప్పుడు కూడా ఆ హద్దు దాటకుండా లెక్క చూసి పెట్టండి. కనిష్ఠం 5 హెర్ట్జ్.

యాక్సిలరేషన్ 3 నుంచి 5 సెకన్లు. డీసిలరేషన్ దగ్గర ఆగి ఆలోచించాలి. చాలా పాత లేతుల్లో చక్ స్పిండిల్ మీద చుట్లతో బిగుసుకుంటుంది. స్పిండిల్‌ను గబుక్కున ఆపితే చక్ తన ఊపుతో ముందుకు తిరిగి ఊడి వస్తుంది. రివర్స్‌లో కోత పెట్టినా అంతే. అలాంటి లేత్‌కు డీసిలరేషన్ 6 సెకన్ల కంటే తగ్గించకండి, ఎమర్జెన్సీ బ్రేక్‌ను కూడా మెతకగానే ఉంచండి, చక్ వెనక లాక్ లేకుండా రివర్స్‌లో కోయకండి. ఫ్లాంజ్‌కు బోల్టులతో బిగించిన చక్ అయితే 2, 3 సెకన్లకు తగ్గించవచ్చు. అప్పుడు ఓవర్ వోల్టేజి ట్రిప్ వస్తుంటే మాన్యువల్ చెప్పిన ఓమ్‌ల బ్రేక్ రెసిస్టర్ పెట్టండి. అది బాగా వేడెక్కుతుంది, బాక్సు బయట జాలీ మూతలో ఉండాలి.

క్యారియర్ ఫ్రీక్వెన్సీ, అంటే డ్రైవ్ డీసీని ముక్కలు చేసే వేగం, 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య. పెంచితే మోటారు కూత తగ్గుతుంది, డ్రైవ్ వేడి పెరుగుతుంది. వెక్టర్ మోడ్ ఉంటే ఆటో ట్యూనింగ్ చేయండి, అందులో మోటారు తిరిగే రకం ఎంచుకుంటే ముందు బెల్టు తీసేయాలి.

మొదటిసారి తిప్పడం

బెల్టు తీసి, కీప్యాడ్ మీద నుంచి 5 హెర్ట్జ్ ఇవ్వండి. తిరిగే దిశ తప్పయితే కరెంటు ఆపి, పది నిమిషాలు ఆగి, అవుట్‌పుట్ వైపు ఏవైనా రెండు వైర్లు మార్చండి. ఈ పది నిమిషాలు మాటవరసకు చెప్పింది కాదు. లోపలి కెపాసిటర్లలో 325 వోల్టుల డీసీ ఉంటుంది, కరెంటు తీశాక కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది. డిస్‌ప్లే ఆరిపోయినా డీసీ టెర్మినళ్ళ మధ్య మీటరు పెట్టి చూశాకే చేయి పెట్టండి.

తర్వాత 50 హెర్ట్జ్‌కు పెంచి, డ్రైవ్ డిస్‌ప్లే మీద కరెంటు చూడండి. ఖాళీగా తిరిగే మోటారు పూర్తి లోడు కరెంటులో సగం వరకు తీసుకోవడం సహజం. 6 ఆంపియర్లకు దగ్గరగా ఉంటే డెల్టా లింకులు మళ్ళీ చూడండి. మామూలు మల్టీమీటర్ డ్రైవ్ అవుట్‌పుట్ వోల్టేజిని తప్పుగా చూపిస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడకండి.

కోత దగ్గర: ఎప్పుడు నాబ్, ఎప్పుడు గేర్

మన మోటారు ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 10 న్యూటన్ మీటర్లు. 50 హెర్ట్జ్ కింద ఎంత తగ్గించినా అది దాదాపు అంతే ఉంటుంది, వేగంతో పాటు హార్స్‌పవర్ మాత్రం పడిపోతుంది. 50 దాటితే టార్క్ తగ్గడం మొదలవుతుంది.

ఇప్పుడు 200 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఫ్లాంజ్‌ను 100 ఆర్‌పీఎం దగ్గర కోయాలి. మొదటి దారి: బెల్టు 2:1 మెట్టులో ఉంచి, నాబ్‌తో మోటారును 200 ఆర్‌పీఎంకు, అంటే సుమారు 9 హెర్ట్జ్‌కు దించడం. స్పిండిల్ దగ్గర టార్క్ 20 న్యూటన్ మీటర్లు. టూల్ అంచు మధ్య నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో ఉంది కాబట్టి అక్కడ అందే బలం 200 న్యూటన్లు, అంటే 20 కిలోల తోపు. టూల్ కొంచెం లోతుగా దిగగానే స్పిండిల్ ఆగిపోతుంది. రెండో దారి: మోటారును 50 హెర్ట్జ్ దగ్గరే ఉంచి, బ్యాక్ గేర్, బెల్టు కలిపి 14.4:1కు దించడం. స్పిండిల్ అదే 100 ఆర్‌పీఎం, కానీ టూల్ దగ్గర, ఘర్షణలో పోయేది పక్కన పెడితే, 1440 న్యూటన్లు. అదే మోటారు, అదే వేగం, ఏడు రెట్ల బలం.

కాబట్టి బెల్టుతో, గేరుతో వేగం దగ్గరికి తెచ్చుకుని, మిగతా సవరింపు నాబ్‌తో చేయండి. 25 నుంచి 60 హెర్ట్జ్ మధ్య పనిచేసేలా మెట్టు ఎంచుకుంటే హాయిగా నడుస్తుంది. మోటారు చల్లబరిచే ఫ్యాను కూడా అదే షాఫ్టు మీద ఉంటుంది, అందుకని 20 హెర్ట్జ్ కింద బరువైన కోత ఎక్కువసేపు పెడితే మోటారు వేడెక్కుతుంది. అలాంటి పని తరచుగా ఉంటే మోటారు మీద చిన్న విడి ఫ్యాను బిగించండి.

నాబ్ నిజమైన సుఖం ఫేసింగ్‌లో, అంటే జాబ్ ముఖాన్ని చదును చేసేటప్పుడు తెలుస్తుంది. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో మైల్డ్ స్టీల్‌కు నిమిషానికి 30 మీటర్ల కోత వేగం అనుకుంటే, 60 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర 160 ఆర్‌పీఎం కావాలి, 25 దగ్గరికి వచ్చేసరికి 380. టూల్ లోపలికి వస్తుంటే నాబ్ మెల్లగా పెంచుతూ పోవచ్చు, ఫినిషింగ్ అంచు నుంచి మధ్య దాకా ఒకేలా వస్తుంది. పొడవైన సన్న షాఫ్టు వణుకుతూ గీతలు పడుతున్నా 2, 3 హెర్ట్జ్ అటూ ఇటూ జరిపితే చాలాసార్లు వణుకు పోతుంది.

చుట్లు కోసేటప్పుడు వేగం మార్చినా పిచ్ మారదు, ఎందుకంటే లీడ్ స్క్రూ స్పిండిల్‌తో గేర్ల ద్వారా కట్టి ఉంటుంది. 1.5 పిచ్ చుట్లు 60 ఆర్‌పీఎం దగ్గర కోస్తే టూల్ సెకనుకు 1.5 మిల్లీమీటర్లు కదులుతుంది. స్టాప్ నొక్కాక ఒక సెకనులో ఆగితే ఇంకా అర చుట్టు తిరిగి, 0.75 మిల్లీమీటర్లు ముందుకు పోతుంది. షోల్డర్ దగ్గర గాడి వెడల్పు ఈ లెక్కతో పెట్టుకోండి. డీసిలరేషన్ టైమ్ అంటే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ నుంచి సున్నాకు పట్టే కాలం. 60 గరిష్ఠం, 6 సెకన్లు పెట్టి ఉంటే, 20 హెర్ట్జ్ నుంచి ఆగడానికి 2 సెకన్లే.

ట్రిప్ అయినప్పుడు

కోత మధ్యలో ఓవర్‌లోడ్ వస్తే మొదట అనుమానించాల్సింది బెల్టు మెట్టునే, డ్రైవ్‌ను కాదు. స్టార్ట్ చేయగానే ఓవర్ కరెంట్ వస్తే యాక్సిలరేషన్ పెంచండి, చక్ చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతోందో చూడండి. అండర్ వోల్టేజి సాయంత్రాలే వస్తుంటే లైన్ వోల్టేజి పడుతోంది, మీటరు పెట్టి చూసి లైన్‌మన్‌కు చెప్పండి. గ్రౌండ్ ఫాల్ట్ అని వస్తే డ్రైవ్ నుంచి మోటారు వైర్లు విప్పి మెగ్గర్ చేయండి, కూలెంట్ టెర్మినల్ బాక్సులోకి కారి ఉంటుంది. ప్రతి ట్రిప్ కోడ్‌నూ తేదీతో బాక్సు తలుపు లోపల రాసి పెట్టండి, సర్వీస్ వాళ్ళు వచ్చినప్పుడు సగం పని తేలికవుతుంది.

నెలకోసారి కరెంటు తీసి, కెపాసిటర్లు దిగాక, ఫిల్టర్ దులిపి, మెత్తని బ్రష్షుతో డ్రైవ్ రెక్కలు శుభ్రం చేయండి. కంప్రెసర్ గాలి కొట్టకండి, అది రజనును ఇంకా లోపలికి నెడుతుంది. మొదటి నెల తర్వాత అన్ని టెర్మినల్ స్క్రూలూ ఒకసారి మళ్ళీ బిగించండి, రాగి తీగ నొక్కుకుని అవి కొద్దిగా వదులవుతాయి.